సగం వాడిన సిలికాన్ ట్యూబు మెత్తగా ఉంటే పనికొస్తుందా? ఒక కేసు

కిటికీలు, షవర్ గ్లాసులు, సింకుల చుట్టూ సందులు సిలికాన్‌లాంటి సీలెంట్‌తో మూసే పని చేసేవాళ్ళకీ చేయించేవాళ్ళకీ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఎవరి పని, ఏ ఊరు, ఏ బ్రాండు అన్నవి చెప్పను, వాటితో మనకి పని లేదు. సగం వాడిన ట్యూబు గడ్డకట్టిపోయి పారేయాల్సి రావడం ఈ లైన్లో ఉన్న అందరికీ తెలిసిన నష్టమే. ఈ కేసులో ఎక్కువ డబ్బు పోయింది మాత్రం గడ్డకట్టిన ట్యూబుల వల్ల కాదు, గన్ (ట్యూబుని బిగించి సరుకు బయటికి తోసే పరికరం) నొక్కగానే మెత్తగా, నున్నగా బయటికొచ్చిన పాత ట్యూబుల వల్ల. గడ్డకట్టినదాన్ని ఎవరూ వాడరు కదా, రెండోదాన్నే నమ్మి వాడేస్తాం.

ఎవరి పని, ఎలాంటి పని

కోస్తాలో సముద్రానికి బాగా దగ్గర్లో ఉన్న ఊరు. ఒకాయన అల్యూమినియం, యూపీవీసీ కిటికీల ఫ్యాబ్రికేషన్ చేస్తారు, చేతిలో మూడు టీములు, ఒక చిన్న వ్యాను. కొత్త అపార్ట్‌మెంట్లలో పని దొరికినప్పుడు ఆయనకి ట్యూబులు మిగలవు, ఒక ఫ్లోర్ అయ్యేలోపు పెట్టెలకి పెట్టెలు ఖాళీ అయిపోతాయి. ఆ ఏడు కొత్త పనులు తగ్గి సర్వీసు పనులు ఎక్కువ తీసుకున్నారు. ఒక ఇంట్లో షవర్ గ్లాసు కింద నీళ్ళు కారుతున్నాయి, ఇంకో ఇంట్లో వంటగది గట్టుకీ సింక్‌కీ మధ్య సందు వచ్చింది, మరో ఇంట్లో కిటికీ ఫ్రేము పక్క నుంచి వాన నీళ్ళు గోడలోకి దిగుతున్నాయి. ఇలాంటివన్నమాట.

లెక్క చూడండి. మామూలు ట్యూబులో 280 లేదా 300 మిల్లీలీటర్ల సరుకు ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల లోతు ఉన్న సందు నింపడానికి మీటరుకి 36 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఒక ట్యూబు దాదాపు ఎనిమిది మీటర్లు వస్తుంది. షవర్ గ్లాసుకి రెండు మూడు మీటర్లు సరిపోతుంది. మిగతాది మళ్ళీ వ్యానెక్కుతుంది. పైగా ఒక్క రకంతో పని జరగదు. గ్లాసుకీ టైల్స్‌కీ వెనిగర్ వాసన వచ్చే అసిటాక్సీ సిలికాన్, అద్దాలకీ అల్యూమినియానికీ రాళ్ళకీ న్యూట్రల్ సిలికాన్ (అసిటాక్సీ అద్దం వెనక పూతని తినేస్తుంది, పాలరాయిని పాడుచేస్తుంది), లోపలి గోడ పగుళ్ళకి అక్రిలిక్, బయటి సందులకి పీయూ (పాలీయురేథేన్). వీటిలో మళ్ళీ తెలుపు, నలుపు, బూడిద రంగు, రంగు లేనిది. అలా వ్యానులో ఎప్పుడు చూసినా తెరిచిన ట్యూబులు ఏడెనిమిది ఉండేవి. మేస్త్రీలు బద్ధకించి కాదు, పని స్వభావమే అది.

ఏమని పిలిచారు

వానాకాలం మధ్యలో ఫోన్ చేశారు. "సార్, నాకెవడో డూప్లికేట్ సరుకు అంటగట్టాడండి. సిలికాన్ కొట్టి వారమైనా జిగురు జిగురుగానే ఉంది, ఇంకో ఇంట్లో అయితే పిల్లాడు వేలితో లాగితే తాడులాగా మొత్తం ఊడొచ్చేసింది. షాపువాడిని నిలదీద్దామనుకుంటున్నా, మీరొకసారి చూస్తారా?" అన్నారు.

రెండు ఫిర్యాదులూ సర్వీసు పనుల్లో వచ్చినవే. అదే షాపు నుంచి అదే పెట్టెలో వచ్చిన ట్యూబులతో చేసిన కొత్త అపార్ట్‌మెంటు పని మీద మాత్రం ఒక్క ఫిర్యాదు లేదు. నాకు ముందుగా తట్టింది ఇదే. సరుకే దొంగదైతే రెండు చోట్లా అలాగే ఉండాలి. అయినా అనుమానం మీద మాట్లాడకూడదు కాబట్టి, ఫిర్యాదు వచ్చిన ఇంట్లో వాడిన ట్యూబు పారేయకుండా పక్కన పెట్టమన్నాను, దాని మీద ఉన్న బ్యాచ్ నంబరే ఉన్న, తెరవని ట్యూబు ఒకటి వెతికి పెట్టమన్నాను. షాపువాడితో గొడవ అప్పుడే వద్దని కూడా గట్టిగా చెప్పాను.

గాజు ముక్క శుభ్రంగా తుడిచి, రెండు ట్యూబుల నుంచి పల్చగా పక్కపక్కనే రెండు గీతలు వేశాం. కొత్త ట్యూబు గీత మీద పావుగంటలో పాల మీద మీగడలా పొర కట్టింది. పాతదాని మీద ఒక చోట పొర కట్టింది, ఇంకో చోట కట్టలేదు, వేలు పెడితే అంటుకుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి, ఆ క్షణంలో ఏది పాతదో చెప్పమంటే మేస్త్రి కూడా చెప్పలేకపోయారు. మర్నాడు పొద్దున కొత్తదాన్ని గోటితో లాగితే తెగింది కానీ గాజుని వదల్లేదు. పాతది ఒక చివర పట్టుకుని లాగితే గాజు మీద మరక కూడా మిగల్చకుండా ఊడొచ్చేసింది. లోపల ఇసక రేణువుల్లా చిన్న చిన్న గడ్డలు కూడా తగిలాయి. బ్యాచ్ ఒకటే, గాజు ఒకటే, గాలి ఒకటే. తేడా అల్లా ఒకటి వ్యానులో కొన్ని వారాలు తెరిచి ఉంది, ఇంకోటి లేదు. షాపువాడి తప్పేమీ లేదని అక్కడితో తేలిపోయింది.

లోపల ఏం జరిగింది

ఆ పాత ట్యూబుని హాక్సా బ్లేడుతో నిలువునా కోయించాను. మీ దగ్గర పారేసే ట్యూబు ఉంటే మీరూ ఒకసారి కోసి చూడండి, ఎన్ని మాటలు చెప్పినా అంత స్పష్టంగా అర్థం కాదు. నాజిల్ (ట్యూబు ముందు బిగించే సన్నని మూతి గొట్టం) చివర గట్టి బిరడా ఉంది, అది అందరూ ఊహించేదే. నాజిల్ లోపలి గోడ వెంబడి చుట్టూ రబ్బరు గొట్టంలా గట్టిపడి, మధ్యలో మాత్రం మెత్తని దారి మిగిలింది. నాజిల్ మరతో బిగిసే మెడ దగ్గర ఇంకో గట్టి ఉంగరం. ఎవరూ చూడని వెనక వైపు, పిస్టన్ (గన్ ముందుకి తోసే బిళ్ళ) అంచు చుట్టూ ఇంకో రబ్బరు ఉంగరం. వీటన్నిటికీ మధ్యలో, ట్యూబు కడుపులో, మెత్తగా మెరుస్తున్న సరుకు.

సిలికాన్ సీలెంట్ ఎండిపోయి గట్టిపడేది కాదు. గాలిలో ఉన్న తేమని లోపలికి తీసుకుని గట్టిపడుతుంది. అందులోని పొడవాటి గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేసే పదార్థం కొంత కలిపి ఉంటుంది, తేమ తగలగానే అది పని మొదలుపెడుతుంది. అసిటాక్సీ రకంలో ఆ పని జరిగేటప్పుడు అసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది, మనకి వచ్చే వెనిగర్ వాసన అదే. గట్టిపడటం పై నుంచి లోపలికి దిగుతుంది. 23 డిగ్రీల వేడి, గాలిలో 50 శాతం తేమ ఉన్నప్పుడు మామూలు సిలికాన్‌కి మొదటి రోజు రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఎందుకంటే తేమ ఇక గట్టిపడిన పొరని దాటుకుని వెళ్ళాలి. లోతు రెట్టింపు కావాలంటే టైం నాలుగింతలు పడుతుంది, సుమారుగా.

ఈ లెక్కన చూస్తే నాజిల్ చివర నుంచి తేమ మెడ దాకా దిగడానికి నెలలకి నెలలు పట్టాలి. నాజిల్ నిండా సరుకుంటే అదే పెద్ద బిరడా. మరి కొన్ని వారాల్లోనే మెడ దాకా ఎందుకు పాడైంది? తేమకి చివర ఒక్కటే దారి కాదు కాబట్టి. నాజిల్ ప్లాస్టిక్ పల్చన, వారాల మీద దాని గోడ గుండా కూడా తేమ కొంచెం కొంచెంగా ఇంకుతుంది. మర బిగువుగా లేకపోతే మెడ దగ్గర సందు. నాసిరకం గన్‌తో నొక్కితే పిస్టన్ వంకరగా కదిలి, పక్క నుంచి సరుకు వెనక్కి కారుతుంది, అలా కారిన చోట గాలికి ఇంకో దారి ఏర్పడుతుంది. పైగా వ్యాను రేకు డబ్బాలాంటిది, మధ్యాహ్నం అందులో చెయ్యి పెట్టలేం. తయారీదార్లు 25, 30 డిగ్రీల లోపు, పొడిగా ఉన్న చోట పెట్టమంటారు. ఇక్కడ వేడీ ఉంది, సముద్రపు ఉక్కా ఉంది.

ఇలా కొద్దికొద్దిగా దిగిన తేమ అంతా కలిసి ట్యూబుని ఒకేసారి గట్టిపరచదు. ముడివేసే పదార్థాన్ని మాత్రం అక్కడక్కడా ఖర్చు చేసేస్తుంది. మిగిలిన సరుకు మెత్తగానే ఉంటుంది, గన్‌లో హాయిగా కదులుతుంది, గోడ మీద పడ్డాక మాత్రం సరిగా ముడిపడదు, పట్టు దొరకదు. మూత తెరవకుండా గడువు దాటిన ట్యూబులోనూ జరిగేది ఇదే. ఈ ముక్క ఆయనకి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే గట్టిపడిన ట్యూబు పారేసినప్పుడు నాకు పోయింది రెండొందలేనన్నమాట" అన్నారు చివరికి. షవర్ గ్లాసు విప్పి, పాత సిలికాన్ గీకి, శుభ్రం చేసి మళ్ళీ కొట్టడానికి ఇద్దరు మనుషుల రోజు కూలి పోతుంది, ఆ ఇంటివాళ్ళ దగ్గర మాట పోతుంది.

అప్పటిదాకా వాళ్ళు చేస్తున్నవి

టీములు ఊరికే కూర్చోలేదు, ఎవరికి తోచింది వాళ్ళు చేస్తూనే ఉన్నారు. ఒక్కోదాన్ని కొట్టిపారేయకుండా ఎందుకు పని చేస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అని చూశాం.

నాజిల్‌లో మేకు దిగ్గొట్టడం అందరికంటే పాత అలవాటు. రెండు మూడు రోజుల్లో మళ్ళీ వాడే ట్యూబుకి ఇది చాలు, ఆ మాట ఒప్పుకోవాలి. అంతకంటే ఆలస్యమైతే మెడ దగ్గరి సందుకీ నాజిల్ గోడకీ మేకు చేసేదేమీ లేదు. ఇంకో ఇబ్బంది ఉంది. అసిటాక్సీ రకంలో వచ్చే ఆమ్లానికి సముద్రపు గాలి తోడైతే మామూలు ఇనప మేకు తొందరగా తుప్పు పడుతుంది. ఆ మేకు తీశాక వచ్చిన మొదటి అంగుళం సరుకులో గోధుమ రంగు చారలు. తెల్ల సిలికాన్‌తో బాత్రూంలో అలా కొడితే ఇంటావిడ ఊరుకుంటుందా? మేకు బదులు స్టెయిన్‌లెస్ స్క్రూ పెడితే తుప్పు తప్పుతుంది, మర ఉంటుంది కాబట్టి లాగినప్పుడు బిరడా కూడా దానితో వస్తుంది. ఆ మార్పు వెంటనే చేయించాం.

ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయడం ఇంకొకరి పద్ధతి. చుట్టేటప్పుడే తడి గాలి లోపల ఉండిపోతుంది. కూరగాయల కవరు తేమని ఆపేంత మందంగా కూడా ఉండదు. ఇన్సులేషన్ టేపు కాస్త నయం, కానీ ఎండకి జిగురు జారిపోయి అంచు లేచిపోయేది.

నాజిల్ మూతికి వాజిలిన్ రాయడం ఎవరో చెప్పారట. దీన్ని మాత్రం ఆ రోజే ఆపించాను. సీలెంట్‌కి జిడ్డంత శత్రువు ఇంకోటి లేదు. మూతి దగ్గర రాసిన జిడ్డు తర్వాత వచ్చే సరుకుతో పాటే టైలు మీదకి వెళ్ళి కూర్చుంటుంది, అక్కడ పట్టు పోతుంది. ట్యూబు బతికినా పని చెడింది.

ఫ్రిజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. చల్లగా ఉంటే రసాయన చర్య నెమ్మదిస్తుంది, చల్లని గాలి మోసే తేమ కూడా తక్కువ. ఓనర్ ఆఫీసులో ఉన్న చిన్న ఫ్రిజ్‌లో పెట్టించారు. సమస్య తీసేటప్పుడు వచ్చింది. చల్లటి ట్యూబుని వానాకాలపు గాలిలోకి తీసి, వెంటనే నాజిల్ విప్పి మార్చారు, మెడ మీద క్షణాల్లో నీటి చుక్కలు పేరుకున్నాయి. తేమ తగలకూడని సరుకు మూతి మీద మనమే నీళ్ళు చల్లినట్టయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ట్యూబు మూసి ఉండగానే గది వేడికి రావాలి, దానికి గంటా రెండు గంటలు పడుతుంది, పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరే టీముకి అది కుదరదు. పైగా ఒక కుర్రాడు ఖాళీ ఉంది కదా అని అక్రిలిక్ ట్యూబుని ఫ్రీజర్ అరలో పెట్టాడు. అది నీళ్ళలో కలిపిన సరుకు, గడ్డకట్టి కరిగాక విరిగిపోయి పెరుగు తరకల్లా తయారైంది. తిండి పెట్టే ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత నేను చెప్పిన మొదటి ఏర్పాటు: గాలి చొరబడని క్లిప్పుల మూత డబ్బా ఒకటి, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. సిలికాన్ ట్యూబులకి బాగా పనిచేసింది. ఓనర్ సంతోషపడి తెరిచిన ట్యూబులన్నీ అందులోనే పెట్టమని టీములకి చెప్పేశారు, అక్రిలిక్‌తో సహా. తర్వాత వెళ్ళి చూస్తే అక్రిలిక్ నాజిల్లో రాయి. అక్రిలిక్ గట్టిపడేది తేమ తగిలి కాదు, తనలోని నీళ్ళు ఆవిరై. పొడి డబ్బాలో పెడితే ఉన్న నీళ్ళు ఇంకా తొందరగా లాగేసుకుంటుంది. ఒకదానికి కాపుగా పెట్టింది ఇంకోదానికి గొంతు నులిమింది. ట్యూబులన్నీ పైకి ఒకేలా ఉంటాయి, ఒకే గన్‌లో పడతాయి, అందుకే ఒకే చోట పెట్టాలనిపిస్తుంది.

చివరికి ఏది నిలబడింది

తర్వాత ఏం చేసినా ముందు అడిగిన ప్రశ్న ఒకటే: ఈ సరుకు తేమ తగిలి గట్టిపడుతుందా, తేమ పోయి గట్టిపడుతుందా? వ్యానులో రెండు డబ్బాలు పెట్టించాం, వేరే రంగువి. ఒకదాంట్లో సిలికాన్లు, సిలికా జెల్. రంగు మారే రకం జెల్ కొనమన్నాను, రంగు మారిందంటే ఇక తేమ పీల్చే శక్తి అయిపోయినట్టు తెలుస్తుంది. అదే లేకపోతే వారాల తరబడి ఉత్త పొట్లాల్ని నమ్ముకుని తిరుగుతాం. రెండో డబ్బాలో అక్రిలిక్, దాని నాజిల్‌కి మూత పెట్టి, చివర తడి గుడ్డ ముక్క చుట్టి, పైన కవరు. మూతి దగ్గర కాస్త గట్టిపడినా లోపల మెత్తగానే ఉంటుంది, ఆ కాస్త కోసేస్తే సరిపోతుంది.

సిలికాన్ మూసే పద్ధతి ఇలా మార్చాం. పని అవగానే గన్ వెనక ఉన్న రిలీజ్ మీట నొక్కాలి. చాలామంది నొక్కరు, లోపలి ఒత్తిడికి సరుకు కారుతూనే ఉంటుంది, మేకు పెట్టినా తోసుకొస్తుంది. మీట నొక్కాక మూతి బయటికి ఒక అంగుళం సరుకు తోకలా వదిలేసి దాన్ని తుడవకుండా అలాగే ఉంచాలి. తుడిచేయాలని చెయ్యి దురద పెడుతుంది, శుభ్రంగా ఉంచాలనే మంచి అలవాటే అది, కానీ ఇక్కడ పనికిరాదు. ఆ తోక గట్టిపడి తనే బిరడా అవుతుంది, తర్వాత పట్టకారుతో పట్టుకుని లాగితే నాజిల్లో గట్టిపడిన భాగం కూడా దానితో పాటు జారి వచ్చేస్తుంది. తోకని గాలికి వదిలేసి, మూతి అంచు నుంచి మొదలుపెట్టి నాజిల్ పొడవునా, మెడ మర దాటే దాకా అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టాలి, ఏసీ డక్టులకి వేసేది. మామూలు టేపు కాకుండా అదే ఎందుకంటే, లోహపు పొర గుండా తేమ దాదాపు వెళ్ళదు. ఇంతకుముందు కోసి చూసిన ట్యూబులో నాజిల్ గోడ, మెడ రెండూ తేమకి దారులని తెలిసింది కదా, ఈ టేపు ఆ రెంటినీ ఒకేసారి మూస్తుంది.

వారం దాకా వాడబోమని తెలిసిన ట్యూబుకి ఇంకో పద్ధతి. నాజిల్ విప్పేసి, మెడ మూతి మీద సరుకు కాస్త ఉబ్బెత్తుగా వచ్చేలా నొక్కి, లోపల గాలి లేకుండా చూసి, దాని మీద ఫాయిల్ ముక్క పరిచి, పైన మూత గానీ ఖాళీ నాజిల్ గానీ బిగించాలి. నాజిల్లో సరుకు పల్చని గోడల మధ్య ఉంటుంది, ట్యూబు ఒళ్ళు మందం. తొందరగా పాడయ్యే భాగాన్ని ముందే వేరు చేసేస్తున్నాం, అంతే. విప్పిన నాజిల్‌ని కడగడానికి కష్టపడక్కర్లేదు. ఒకట్రెండు రోజులు అలా వదిలేస్తే లోపలి సరుకు రబ్బరయి, గుచ్చి లాగితే చాలావరకు మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది, నాజిల్ మళ్ళీ కొత్తదే. ఈ చిన్న విషయం కుర్రాళ్ళకి బాగా నచ్చింది, నాజిళ్ళు పోగేసి పెట్టుకోవడం మొదలుపెట్టారు.

పీయూని మాత్రం దాచేవాటిలోంచే తీసేశాం. అదీ తేమతోనే గట్టిపడుతుంది, కానీ సిలికాన్‌లా కాదు. అందులోని ఐసోసయనేట్ అనే పదార్థం నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, తేమ పట్టిన పీయూలో బుడగలు ఏర్పడి సందు లోపల గుల్లగా మారుతుంది. బయటి గోడ సందులో అలాంటి గుల్ల పడితే వానకి అదే దారి. పీయూ వచ్చే 600 మిల్లీలీటర్ల ఫాయిల్ సాసేజ్ (ట్యూబు బదులు పొడవాటి ఫాయిల్ సంచి) తెరిస్తే అదే రోజు అయిపోయేలా పని పెట్టుకోవాలి, కాస్త మిగిలితే మెలిపెట్టి కట్టి మర్నాడు పొద్దున్నే వాడేయాలి, అంతకు మించి దాచొద్దని చెప్పాను. ఓనర్‌కి ఇది మింగుడు పడలేదు, సరుకు ఖరీదైంది కదా. అందుకే దాచే ఉపాయాలు వెతకడం మానేసి, పీయూ పనులన్నీ వారంలో ఒక రోజుకి కుదించారు. నిజానికి ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఆదా తెచ్చింది ఈ నిర్ణయమే అని నా అభిప్రాయం. అదే ఆలోచనతో సిలికాన్‌కి కూడా, ఒక్కో రంగుకి ఒక్క ట్యూబే తెరిచి ఉండాలి, అది అయ్యాకే రెండోది అన్నారు. మూడు టీములకి మూడు తెల్ల ట్యూబులు తెరుచుకోవడం ఆగింది. దాచడానికి మిగిలినవే తక్కువయ్యాయి.

గీత పరీక్ష, తేదీ

ఇన్ని చేసినా పాత ట్యూబు లోపల ఎలా ఉందో పైకి తెలియదు, కాబట్టి తెరిచిన రోజే మార్కర్‌తో తేదీ, రకం రాయాలి. రకం ఎందుకంటే ట్యూబులన్నీ పైకి ఒకేలా ఉంటాయి, న్యూట్రల్ అనుకుని అసిటాక్సీ తీసి అద్దం వెనక కొట్టే ప్రమాదం ఉంది. తెరిచి నెల దాటిన ట్యూబుని నీళ్ళు తగిలే చోట వాడకూడదని వాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. నెల అనేది శాస్త్రం చెప్పిన అంకె కాదు, వాళ్ళ ఊరి ఉక్కకి, వాళ్ళ వ్యానుకి సరిపోయేలా జాగ్రత్తగా పెట్టుకున్నది. పొడి ఊళ్ళో, చల్లటి గదిలో పెట్టుకునేవాళ్ళకి ఇంకా ఎక్కువ కాలం రావచ్చు. వేసవిలో హైదరాబాదు లాంటి చోట సిలికాన్ కంటే అక్రిలిక్‌ని ఎక్కువ కనిపెట్టుకోవాల్సి వస్తుంది.

నెల లోపుదైనా రెండు వారాలు దాటితే ముందు రోజు సాయంత్రం గాజు ముక్క మీద గీత వేయాలి. మొదట వచ్చే రెండు అంగుళాలు పారేసి ఆ తర్వాతదే వేయాలి. అరగంటకి పొర కట్టిందా, అన్ని చోట్లా ఒకేలా కట్టిందా చూడాలి, పొద్దున్నే గోటితో లాగాలి. తెగితే వాడొచ్చు. ఊడొస్తే పారేయాలి, ఇక్కడ మొహమాటం లేదు. మధ్యస్తంగా ఉంటే? మేస్త్రి అడిగిన ప్రశ్నే ఇది. నీళ్ళు తగలని చోట, ఊడినా ఎవరికీ నష్టం లేని చోట, అల్మారా వెనక సందు లాంటి వాటికి వాడుకోమన్నాను. షవర్ గ్లాసుకీ సింక్‌కీ వద్దన్నాను. పాతది, కొత్తది కలిపి ఒకే గీతలో కొట్టడం కూడా వద్దు, అతుకు దగ్గరే విడిపోతుంది.

ఫిర్యాదు వచ్చిన రెండు ఇళ్ళలోనూ పాతదాని మీద పూత వేయకుండా మొత్తం గీకించి, జిడ్డు తుడిపించి, ఆరబెట్టి కొత్త ట్యూబుతో కొట్టించాం. ముడిపడని సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టదు, పైపైన కప్పితే నెలకో రెండు నెలలకో అదే ఫోన్ మళ్ళీ వస్తుంది. గీకడానికే సగం రోజు పట్టింది, సగం ముడిపడ్డ సరుకు బ్లేడుకి బంకలా అంటుకుపోతుంది.

తర్వాతి వానాకాలంలో వెళ్ళినప్పుడు వ్యాను వెనక తెరిచి చూశాను. తెరిచిన ట్యూబులు నాలుగున్నాయి, నాలుగింటి మీదా తేదీలున్నాయి. ఒక నలుపు ట్యూబు ఫాయిల్ మీద "గీత పోయింది, పారేయాలి" అని రాసి ఉంది కానీ ఇంకా పారేయలేదు. జెల్ రంగు మారి చాలా రోజులైనట్టుంది, ఎవరూ మార్చలేదు. ఆ డ్యూటీ ఎవరిదో ఒకరి పేరు మీద పెట్టమన్నాను, వ్యాను తోలే కుర్రాడికి అప్పజెప్పారు. పిస్టన్ వంకర పోయే ఆ పాత గన్నులు రెండింటినీ ఇంకా మార్చలేదు, వెనక నుంచి సరుకు కారుతూనే ఉంది. కొత్త గన్నులు కొనేదాకా ఈ ట్యూబులకి వెనక వైపు కూడా ఫాయిల్ వేయమని చెప్పి వచ్చాను.